చేతి కౌంటర్‌తో ఇంట్లో, గుడిలో, పొలంలో ఏమేం లెక్కపెట్టొచ్చు? తరచుగా అడిగే ప్రశ్నలు

బొటనవేలితో నొక్కితే ఒక అంకె పెరిగే చిన్న పరికరం ఇది. పూజా సామాన్ల కొట్లో జపం కౌంటర్ అని అడిగితే ఇస్తారు. ఆన్‌లైన్‌లో ట్యాలీ కౌంటర్ అని వెతకాలి. కొనాలనుకునేవాళ్లు, కొని డ్రాయర్‌లో పడేసినవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలు, వాటికి జవాబులు ఇవి.

నోటితో లెక్కపెట్టుకుంటే సరిపోదా? దీనికోసం డబ్బు తగలేయాలా?

ఇరవై ముప్ఫై దాకా అయితే అక్కర్లేదు. వేళ్ల కణుపులు ఉండనే ఉన్నాయి. లెక్క వందలు దాటినప్పుడు, మధ్యలో ఎవరైనా పలకరించే అవకాశం ఉన్నప్పుడు, నోరు ఇంకో పనిలో ఉన్నప్పుడు కౌంటర్ అవసరం తెలుస్తుంది. మంత్రం చదువుతూ అంకెలు చదవలేం కదా. లారీలోకి బస్తాలు ఎక్కుతుంటే "నూట డెబ్బై మూడు, నూట డెబ్బై నాలుగు" అంటున్న మనిషికి ఫోన్ మోగిందంటే లెక్క గల్లంతే. కౌంటర్ ఉంటే అంకె గుర్తుపెట్టుకునే టెన్షన్ ఉండదు, కళ్లు పని మీదే ఉంటాయి.

ఎన్ని రకాలున్నాయి? ఏది కొనాలి?

ముఖ్యంగా రెండు. ఒకటి గుండ్రంగా ఉండే మెకానికల్ రకం. మెటల్‌దీ ఉంటుంది, ప్లాస్టిక్‌దీ ఉంటుంది. వేలు దూర్చుకోవడానికి రింగు, నొక్కడానికి మీట, సున్నాకి తిప్పడానికి పక్కన ఒక బుడిపె ఉంటాయి. మామూలుగా నాలుగు అంకెలు, అంటే 0000 నుంచి 9999 దాకా. రెండోది వేలికి ఉంగరంలా తొడుక్కునే డిజిటల్ రకం. చిన్న స్క్రీను, ఒక పెద్ద బటన్, పక్కనే రీసెట్ చేసే చిన్న బటన్ ఉంటాయి.

ఎండలో, దుమ్ములో, బయటి పనులకు వాడేవాళ్లు మెకానికల్‌దే కొనండి. బ్యాటరీ అయిపోదు. ఎండకు స్క్రీను కనపడకపోవడం అనే గొడవ లేదు. నొక్కినప్పుడు టక్కుమని శబ్దం వస్తుంది, అంకె పడిందని చూడకుండానే తెలుస్తుంది. కానీ ఆ టకటకలు ధ్యానమందిరంలో, పారాయణం జరిగేచోట పక్కవాళ్లకు చిరాకు. అక్కడికి ఉంగరం కౌంటర్ నయం. అదీ కొన్ని బీప్ అంటాయి, చూసి తీసుకోండి.

ఉంగరం రకంలో నాకు నచ్చనిది ఆ రీసెట్ బటన్. కొన్నిటిలో అది మరీ చేతికి తగిలేంత దగ్గరగా ఉంటుంది. వేలు జారితే గంటసేపు చేసిన లెక్క సున్నా. కొనేముందు ఆ బటన్ లోపలికి ఉందో, పైకి పొడుచుకొచ్చి ఉందో చూడండి.

లోపల ఏముంటుంది? నిజంగా తప్పు పడదా?

మెకానికల్ దాంట్లో అంకెల చక్రాలు, పళ్ల చక్రం ఉంటాయి. ఒక్కసారి మీట నొక్కితే ఒకట్ల చక్రం పదో వంతు తిరుగుతుంది. అది 9 నుంచి 0కి వచ్చేటప్పుడు పక్కనున్న పదుల చక్రాన్ని ఒక అంకె ముందుకు తోస్తుంది. అలాగే వందలు, వేలు. 9999 తర్వాత నొక్కితే మళ్లీ 0000.

యంత్రం తప్పు చేయడం అరుదు. మీట సగమే నొక్కి వదిలితే అంకె పడకపోవచ్చు, లేదా రెండు అంకెల మధ్య ఇరుక్కోవచ్చు. పూర్తిగా నొక్కి, పూర్తిగా వదలాలి. లెక్కలు తప్పేది ఎక్కువగా మన వల్లే: ఒక నొక్కు అంటే ఏమిటో ముందు తేల్చుకోకపోవడం వల్ల. కింద చెప్పే ప్రతి వాడకంలోనూ అసలు విషయం అదే.

జపానికి కౌంటర్ వాడొచ్చా? మాల ఉండగా ఇదెందుకు?

మాలకు బదులుగా కొందరు వాడతారు, మాలతో పాటు కొందరు వాడతారు. రెండో పద్ధతే నాకు బాగా అనిపిస్తుంది. మాలలో 108 పూసలు తిప్పడం వేళ్ల పని. ఎన్ని మాలలయ్యాయో గుర్తుంచుకోవడం కౌంటర్ పని. మాల చుట్టు ముగిసే పెద్దపూస, అంటే మేరుపూస దగ్గరికి వచ్చినప్పుడు ఒక నొక్కు.

లక్ష జపం పెట్టుకున్నవాళ్లు మంత్రానికో నొక్కు చొప్పున నొక్కితే నాలుగంకెల కౌంటర్ పది సార్లు సున్నాకి వచ్చేస్తుంది. ఎన్నోసారి తిరిగిందో మళ్లీ ఎక్కడో రాసుకోవాలి. మాలకో నొక్కయితే 926 నొక్కులతో లక్ష దాటుతుంది. మాలలో ఎనిమిది పూసలను తప్పులకు వదిలేసి మాలను వందగానే లెక్కవేసే సంప్రదాయం మీ ఇంట్లో ఉంటే 1000 నొక్కులు. ఏ లెక్కో మొదటిరోజే అనుకుని, ఏ రోజుకారోజు అంకెను పుస్తకంలో రాసుకోండి. కౌంటర్‌ను చిన్నపిల్లలు సున్నా చేసినా పుస్తకం ఉంటుంది. పిల్లలున్న ఇంట్లో ఇది జరిగి తీరుతుంది, వాళ్లకు ఆ బుడిపె తిప్పడమంటే అంత సరదా.

ఇస్కాన్ పద్ధతిలో రోజుకు 16 మాలలు చేసేవాళ్లకు కూడా ఇదే సులువు. రోజూ 1728 నొక్కేబదులు 16 నొక్కులు.

ముస్లిం ఇళ్లలో తస్బీకి, అంటే వాళ్ల జపమాలకు బదులు ఉంగరం కౌంటర్ బాగా వాడుకలో ఉంది. నమాజు తర్వాత 33, 33, 34 చొప్పున చదివేవి మొత్తం 100. కాబట్టి 33 దగ్గర, 66 దగ్గర ఆగితే చాలు, మధ్యలో సున్నా చేయనక్కర్లేదు. మక్కాలో కాబా చుట్టూ తిరిగే తవాఫ్ ఏడు చుట్లకు కూడా జనసమ్మర్దంలో ఇది ఆసరా.

యంత్రంతో చేస్తే ఫలం తగ్గుతుందా అని అడిగేవాళ్లకు నేను చెప్పగలిగింది లేదు. అది మీ గురువునో, ఇంట్లో పెద్దవాళ్లనో అడగాల్సిన మాట.

గుడిలో ప్రదక్షిణలకు?

చిలుకూరు బాలాజీ గుడికి వెళ్లినవాళ్లకు తెలుసు. మొదటిసారి 11 ప్రదక్షిణలు చేసి కోరిక కోరుకుంటారు, తీరాక వచ్చి 108 చేస్తారు. 108 గళ్లున్న కార్డు మీద టిక్కులు పెట్టుకుంటూ తిరగడం అక్కడ మామూలే. ఆ రద్దీలో నడుస్తూ, కార్డు తీసి, పెన్నుతో గీయడం కష్టం. వెనకవాళ్లు వచ్చి గుద్దుకుంటారు. కౌంటరైతే చెయ్యి కిందికి వేలాడేసుకునే నొక్కొచ్చు.

ఒకే నియమం. ఎప్పుడూ ఒకేచోట నొక్కాలి. ధ్వజస్తంభం దాటగానే అనుకోండి, ప్రతిసారీ అక్కడే. "ఈ చుట్టుకి నొక్కానా లేదా?" అన్న అనుమానం వచ్చేది ఒకసారి ధ్వజస్తంభం దగ్గర, ఒకసారి మూల తిరిగాక నొక్కేవాళ్లకే. అనుమానం వస్తే నొక్కకండి. ఒక చుట్టు ఎక్కువైతే నష్టం లేదు.

పెళ్లిలో భోజనాల లెక్కకు పనికొస్తుందా?

చేతి కౌంటర్‌తో డబ్బు నేరుగా మిగిలేది ఇక్కడే అని నా అభిప్రాయం. ప్లేటుకి ఇంత అని మాట్లాడుకున్న కేటరింగ్‌లో, చివర్లో ఆడపెళ్లివారికీ కేటరింగ్ వాళ్లకీ లెక్క కుదరక మాటామాటా పెరగడం చాలా ఇళ్లలో చూస్తాం. వాళ్లు ఆరువందల యాభై అంటారు, మనం అయిదువందలు కూడా రాలేదంటాం. రెండూ కాకిలెక్కలే, ఎందుకంటే ఎవరూ లెక్కపెట్టలేదు.

చాలామంది చేసే పొరపాటు హాలు గుమ్మం దగ్గర మనిషిని నిలబెట్టి వచ్చేవాళ్లను లెక్కించడం. వచ్చినవాళ్లందరూ తినరు. అక్షింతలు వేసి కవరిచ్చి వెళ్లిపోయేవాళ్లుంటారు. బయటికెళ్లి మళ్లీ వచ్చినవాళ్లు రెండుసార్లు పడతారు. నిలబడాల్సింది బఫేలో ప్లేట్లు పేర్చిన బల్ల దగ్గర. ప్లేటు లేచిందంటే ఒక నొక్కు. దానికి పైన ఇంకో రుజువు: మొదట్లో ఎన్ని ప్లేట్లు పెట్టారు, మధ్యలో ఎన్ని తెచ్చి కలిపారు, చివరికి ఎన్ని మిగిలాయి. కడిగిన ప్లేట్లు మళ్లీ అదే బల్ల మీదికి వస్తుంటే మాత్రం ఈ రెండో లెక్క పనికిరాదు, కౌంటర్ ఒక్కటే దిక్కు.

బంతి భోజనాలైతే ఇంకా తేలిక. బంతి కూర్చోగానే, వడ్డన మొదలయ్యేలోపు వరస వెంట ఒకసారి నడిచి ఆకుకో నొక్కు నొక్కుకుంటూ పోతే అయిపోయింది. రెండో బంతికి సున్నా చేయకుండా కొనసాగించండి.

ముందురోజే మాట్లాడుకోవాల్సినవి కొన్నున్నాయి. పిల్లల ప్లేటు పూర్తి లెక్కా, సగమా? ఫొటోలవాళ్లు, మేళంవాళ్లు, డ్రైవర్లు లెక్కలోకి వస్తారా? రెండో ప్లేటు తీసుకున్నవాళ్ల సంగతేమిటి? ఇవి తేల్చకుండా కౌంటర్ పట్టుకుంటే చివరికి అంకె చేతిలో ఉన్నా గొడవ తప్పదు. వీలైతే వాళ్ల మనిషి చేతిలోనూ ఒక కౌంటర్ పెట్టండి. వంద వందకీ ఇద్దరూ ఒకరికొకరు చూపించుకుంటే తేడా ఎక్కడొచ్చిందో అక్కడికక్కడే తెలుస్తుంది. ఈ పనికి చుట్టాల్లో కుర్రాడిని పెడితే వాడు పావుగంటలో స్టేజీ దగ్గరుంటాడు. కాస్త కుదురున్న మనిషిని చూసుకోండి.

బస్తాల ఎగుమతికి ఎలా వాడాలి?

కాటా దగ్గరైనా, గోడౌన్‌లోనైనా సూత్రం ఒకటే: బస్తా హమాలీ భుజానికెక్కినప్పుడు కాదు, లారీలో పడ్డప్పుడు నొక్కాలి. దారిలో కుట్టు ఊడి పక్కన పెట్టేసిన బస్తాలుంటాయి మరి. లారీలో ఒక వరస పూర్తవగానే వరసలో ఎన్ని పట్టాయో చూసి కౌంటర్‌తో సరిచూడండి. వడ్ల బస్తాలకైనా, మిర్చి టిక్కీలకైనా ఇదే.

కొలతలు కొలిచే పెద్దవాళ్లు ఇప్పటికీ మొదటి దాన్ని "లాభం" అని, తర్వాత "రెండు, మూడు" అని లెక్కిస్తారు. పక్కన కౌంటర్ పట్టుకున్న పట్నం కుర్రాళ్లు ఆ లాభాన్ని ఆశీర్వచనం అనుకుని నొక్కకుండా వదిలేస్తారు. దానికీ నొక్కాలి.

ఇల్లు కట్టేవాళ్లకు ఒక సలహా. స్లాబ్ వేసేరోజు కాంక్రీటు కలిపే మిల్లర్ దగ్గర ఒక మనిషిని కౌంటర్‌తో కూర్చోబెట్టండి. సిమెంటు బస్తా విప్పి పోసినప్పుడల్లా ఒక నొక్కు. సాయంత్రం ఖాళీ సంచుల లెక్కతో పోల్చండి. రెండూ కలిస్తే మేస్త్రీకీ మీకూ ఇద్దరికీ మనశ్శాంతి. ఇసుక ట్రాక్టర్ ట్రిప్పులకు కౌంటర్ ఎందుకు, గోడ మీద బొగ్గుగీతలు చాలు.

గొర్రెలు, కోళ్లు, చేపపిల్లల్లాంటి కదిలేవాటిని లెక్కపెట్టడం?

మందను ఆరుబయట లెక్కపెట్టాలని చూస్తే ఎవరివల్లా కాదు. దొడ్డి గుమ్మాన్ని ఇరుకు చేసి, ఒకటో రెండో పట్టేంత సందులోంచి తోలుతూ నొక్కాలి. గొర్రెలు ఒకటి దూకితే వెనకవి గుంపుగా దూకుతాయి కాబట్టి గుమ్మం దగ్గర అడ్డం పట్టేందుకు ఒక మనిషి, నొక్కేందుకు ఇంకో మనిషి కావాలి. గొర్రెపిల్లలకు వేరే కౌంటర్.

కోడిగుడ్లకు ట్రేకి ఒక నొక్కు. ట్రేకి 30 కాబట్టి చివర్లో 30తో గుణిస్తే సరి.

భీమవరం వైపు రొయ్యల రైతులకు కౌంట్ అంటే వేరే అర్థం, కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్నది. 40 కౌంట్ అంటే కిలోకి నలభై. పట్టుబడి ముందు నమూనా తీసి తూచి లెక్కించేటప్పుడు చేతి కౌంటర్ ఉపయోగపడుతుంది. హేచరీ నుంచి సీడు, అంటే రొయ్యపిల్లలు వచ్చినప్పుడు కూడా అంతే. సంచులన్నీ లెక్కించడం కుదిరే పని కాదు కనుక ఒకటి రెండు సంచులు విప్పి, తెల్లటి బేసిన్‌లో కొంచెం కొంచెంగా పోసుకుంటూ లెక్కిస్తారు. గరిటెకి ఎన్ని వచ్చాయో నోటితో లెక్కపెట్టడం కంటే పిల్లకో నొక్కు నొక్కడం నయం. కళ్లు నీళ్లమీంచి తీయనక్కర్లేదు. ఏ సంచి విప్పాలో మాత్రం అమ్మేవాళ్లు కాదు, మీరు చెప్పండి.

పక్షుల లెక్కకు దీన్నే వాడతారట కదా?

అవును. ఏటా జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుతుంది. మన దగ్గర కొల్లేరు, పులికాట్ లాంటి చోట్ల ఔత్సాహికులు బైనాక్యులర్స్ మెడలో, కౌంటర్ చేతిలో పెట్టుకుని వెళ్తారు. కంటికి బైనాక్యులర్స్ ఆనించి ఉంటే కాగితం మీద గీయడం కుదరదు.

ఇక్కడ ఒక చిట్కా ఉంది. వేల సంఖ్యలో రాజహంసలు నీళ్లలో నిలబడి ఉంటే ఒక్కోదానికి నొక్కుతూ కూర్చోరు. ముందు ఒక చివరన పదింటిని ఒక్కొక్కటిగా లెక్కిస్తారు. ఆ పది ఎంత జాగా ఆక్రమించాయో కంటికి పట్టాక, అంతంత జాగాకి ఒక నొక్కు చొప్పున గుంపంతా దాటుతారు. పెద్ద గుంపైతే పదికి బదులు యాభై. చివరి అంకెను పదితోనో యాభైతోనో గుణిస్తారు. ఇది ఉజ్జాయింపే, కానీ "బోలెడున్నాయి" కంటే ఎంతో మేలు. ఎగిరే గుంపుకైతే ఇంతకంటే దారి లేదు.

ఇంట్లో మొదలుపెట్టాలనుకుంటే పావుగంట బాల్కనీలో కూర్చుని గోరింకలతో మొదలుపెట్టండి. వచ్చినదే మళ్లీ మళ్లీ వస్తుంటే కలపకండి. ఒకేసారి కనపడ్డ గరిష్ఠ సంఖ్యే రాసుకోవాలి.

కడుపులో బిడ్డ కదలికలు లెక్కించమని డాక్టర్ చెప్పారు. దీంతో చేయొచ్చా?

చేయొచ్చు. మామూలుగా ఏడో నెల నిండేవేళకు, అంటే 28 వారాల నుంచి ఈ లెక్క చెబుతారు. భోజనం చేశాక ఎడమవైపు తిరిగి పడుకుని, తన్నడం, దొర్లడం, మెదలడం, ఏ కదలికైనా ఒక నొక్కు. ఎక్కిళ్లను మాత్రం లెక్కించరు. పది రావడానికి ఎంతసేపు పట్టిందో చూసుకోవాలి. కాబట్టి మొదలుపెట్టిన సమయం రాసుకోండి, కౌంటర్ సమయం చెప్పదు. ఎక్కువమంది డాక్టర్లు చెప్పే హద్దు రెండు గంటల్లో పది కదలికలు.

రెండు గంటల్లో పది రాకపోయినా, రోజూ ఉన్నట్టు లేదని మీకు అనిపించినా వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేయండి, లేదా వెళ్లండి. "ఇంకో గంట చూద్దాం" అనొద్దు. లెక్క పూర్తయ్యేదాకా ఆగొద్దు కూడా. మీ డాక్టర్ వేరే పద్ధతి చెప్పి ఉంటే అదే పాటించండి.

వాకింగ్, సూర్యనమస్కారాలు, ఈతకు?

గ్రౌండ్‌లో 400 మీటర్ల ట్రాక్ అయితే పది చుట్లు నాలుగు కిలోమీటర్లు. అపార్ట్‌మెంట్ చుట్టూ తిరిగేవాళ్లు ముందు ఒక చుట్టు ఎంత దూరమో ఫోన్‌లో చూసుకోండి, తర్వాత చుట్టుకో నొక్కు. సూర్యనమస్కారాలకు చేతిలో పట్టుకోవడం కుదరదు, అరచేతులు నేల మీద ఆనించాలి కదా. చాప ముందు పెట్టుకుని నిలబడే ముందు నొక్కుకోవాలి. ఈతకు మెటల్ కౌంటర్ వద్దు, తుప్పు పడుతుంది. నీళ్లలో వాడే వేలి కౌంటర్లు వేరే దొరుకుతాయి.

గల్లీ క్రికెట్‌లో అంపైర్‌కి?

అంపైర్లకు బంతులు, ఓవర్లు, వికెట్లు విడివిడిగా తిప్పుకునే కౌంటర్ వేరే ఉంటుంది. అది లేకపోయినా పర్లేదు. వైడ్లు, నోబాల్స్ వదిలేసి సరైన బంతికి మాత్రమే నొక్కుతూ పోండి. అంకెను ఆరుతో భాగిస్తే ఓవర్లు. 47 ఉంటే ఏడు ఓవర్లు అయ్యి ఐదు బంతులు పడ్డట్టు. నొక్కాల్సింది బంతి వేసినప్పుడు కాదు, ఆ బంతి కథ పూర్తిగా ముగిశాక.

మా వీధిలో వాహనాలు ఎక్కువయ్యాయని అర్జీ పెట్టాలి. లెక్క ఎలా తీయాలి?

నలుగురు కూర్చోండి. ఒకరికి బైకులు, ఒకరికి ఆటోలు, ఒకరికి కార్లు, ఒకరికి బస్సులు లారీలు. ఒకే మనిషి అన్నీ చూస్తానంటే కుదరదు. పావుగంటకోసారి అంకె రాసుకుంటూ పొద్దున రద్దీ వేళ రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు చూడండి. సున్నా చేయకుండా అంకె రాస్తూ పోతే తీసివేతతో పావుగంట లెక్క వస్తుంది. ఆదివారం, పండగరోజు, వాన రోజు వద్దు. తేదీ, సమయం, నిలబడ్డ చోటు రాయని లెక్కను ఏ ఇంజినీరూ పట్టించుకోడు.

చెడు అలవాటు తగ్గించుకోవడానికి పనికొస్తుందంటారు, నిజమేనా?

కొంతవరకు నిజం. రోజుకి ఎన్ని సిగరెట్లో, ఎన్ని టీలో తెలియకుండా తాగేసే మనిషి, ప్రతిదానికీ నొక్కాల్సి వచ్చేసరికి ఒక్క క్షణం ఆగుతాడు. మాట్లాడేటప్పుడు "అంటే… అంటే…" అని సాగదీసే అలవాటున్నవాళ్లకు ఇంకా బాగా పనిచేస్తుంది. స్నేహితుడి చేతికి కౌంటర్ ఇచ్చి అయిదు నిమిషాలు మాట్లాడండి. నలుగురిలో మాట్లాడటం సాధన చేసే టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బుల్లో ఇలా లెక్కపెట్టడానికే ఒక మనిషిని పెడతారు. ఇంట్లో మాత్రం "నువ్వు ఇవాళ ఎన్నిసార్లు అరిచావో చూడు" అని భార్యకో భర్తకో కౌంటర్ చూపించకండి. అది మీ మంచికే చెబుతున్నా.

ఫోన్‌లో యాప్ ఉండగా విడిగా కొనాలా?

ఎప్పుడో ఒకసారి అవసరమయ్యేవాళ్లకు యాప్ చాలు. రోజూ వాడేవాళ్లకు కొన్ని ఇబ్బందులున్నాయి. స్క్రీను ఆరిపోతుంది, కాల్ వస్తుంది, చెమటచేతికి టచ్ పడదు, వాట్సాప్ మెసేజ్ కనపడగానే జపం కాస్తా జారిపోతుంది. పైగా గాజు తెర మీద నొక్కామో లేదో వేలికి తెలియదు, చూడాల్సిందే.

కౌంటర్ అసలు అక్కర్లేని పనులేవి?

ఒకేలా ఉండి కదలకుండా ఉండేవాటికి తూకం మేలు. లక్షవత్తుల నోము పట్టినవాళ్లు వత్తివత్తికీ నొక్కుతూ కూర్చోనక్కర్లేదు. వంద వత్తులు లెక్కించి నగల తూకంలాంటి చిన్న కాటా మీద తూచండి, మిగతావి ఆ బరువుతో కట్టలు కట్టండి. కార్తీక పౌర్ణమి 365 వత్తులకైతే చెయ్యే చాలు. చిల్లర నాణేలకూ అంతే, పదేసి దొంతర్లు పేరిస్తే అయిపోతుంది.

ఒకటి ఎక్కువ నొక్కేశాను. వెనక్కి తిప్పొచ్చా?

మామూలు మెకానికల్ కౌంటర్లో వెనక్కి పోయే ఏర్పాటు ఉండదు. పక్క బుడిపె తిప్పితే సున్నాకే పోతుంది. తర్వాత వచ్చే ఒకదానికి నొక్కకుండా వదిలేయండి, అప్పటికప్పుడే. "చివర్లో ఒకటి తీసేద్దాం" అనుకుంటే మర్చిపోతారు. డిజిటల్ వాటిలో కొన్నిటికి తగ్గించే బటన్ ఉంటుంది.

మీట బిగుసుకుపోయింది. ఉంగరం కౌంటర్ వెలగట్లేదు. ఏం చేయాలి?

మెకానికల్‌ది చాలారోజులు వాడకుండా ఉంటే దుమ్ము పట్టి బిగుస్తుంది. కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క మీట సందులో వేసి యాభై సార్లు నొక్కండి. కొబ్బరినూనె వద్దు, చలికి గడ్డకట్టి ఇంకా బిగుసుకుంటుంది. అంకె రెండింటి మధ్య ఇరుక్కుంటే మీటను బలవంతంగా నొక్కకుండా బుడిపెను మెల్లగా తిప్పి సున్నాకి తెచ్చుకోండి.

ఉంగరం రకంలో బటన్ సెల్ మార్చాలి. పాత సెల్ పట్టుకెళ్తే వాచీ షాపులో అదే సైజు ఇస్తారు. తీసిన సెల్‌ను బల్ల మీద వదలొద్దు. చిన్నపిల్లలు మింగితే గొంతులో ఇరుక్కుని రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చేయగలదు. మింగారని అనుమానం వచ్చినా సరే, వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లాలి. వెనక మూతకు స్క్రూ లేకుండా గోటితో ఊడొచ్చే ఉంగరాలను పసిపిల్లలున్న ఇంట్లో వాడకపోవడమే మంచిది.